పెద్ద డాక్టరుకి చెప్పిన జవాబు

రాయ్‌పూర్

చెల్లి సూరమ్మకి మీ పెద్దన్నయ్య దీవెనలు.

పెద్దపేగు క్యాన్సర్‌కి కొత్త మందు కనిపెట్టాలని మాజీ సైనికుల మీద పరీక్షలు చేస్తున్నారు, నన్నూ చేర్చుకున్నారని కిందటి కార్డులో రాశాను కదా. ఆ మందు ఎక్కించినప్పట్నుంచీ అరికాళ్లు ఒకటే మంట. వేళ్లకి స్పర్శ లేక చొక్కా బొత్తాలు కూడా పెట్టుకోలేకపోతున్నాను.

నిన్న పెద్ద డాక్టరొచ్చి, ఏమైనా బాధలున్నాయా అని హిందీలో వార్డంతా అడిగాడు. మిలట్రీలో ఆఫీసర్లు అచ్చం ఇలాగే అడిగేవారు. లేదనడమే మాకు నేర్పారు, ఉందన్నవాడు పిరికివాడి కిందే జమ. ముసలాళ్లం అందరం మంచాల పక్కన నిటారుగా నిలబడి "నహీ సాబ్" అన్నాం. పొద్దుట్నుంచీ మూలుగుతున్న పక్కమంచం ప్రేమ్‌చంద్ అందరికంటే గట్టిగా అన్నాడు. డాక్టరు పొంగిపోయి, ఈ మందు ఎవర్నీ ఇబ్బంది పెట్టడం లేదని రాసుకుపోయాడు. ఆ రాత నమ్మి రేపు ఇంకెందరికి ఎక్కిస్తారో. అది తెలిసీ నోరు పెగల్లేదు చూడు. ఈ బుద్ధి చచ్చేదాకా పోదు.

గేదె ఈనిందా? ఆవకాయ పంపకు, నాకిప్పుడు పడదు. కోర్బా రైలుబండిలో ఎవరైనా ఇటు వస్తుంటే జావకి చోడిపిండి పంపు.

నాకొచ్చిన ఈ పెద్దపేగు జబ్బు తోడబుట్టినవాళ్లకీ రావచ్చట. తమ్ముడు నాగబాబూ మిలట్రీలో చేసొచ్చినవాడే. వాణ్ణి ఎలా ఉన్నావని అడగొద్దు, బాగున్నాననే అంటాడు. చెయ్యి పట్టుకుని విశాఖ తీసుకెళ్లి పరీక్ష చేయించు. నువ్వూ చేయించుకో.

బావకి నమస్కారాలు, పిల్లలకి ఆశీస్సులు. అన్నయ్య ఎలా ఉన్నాడని ఎవరైనా అడిగితే, ఏ బాధా లేదంటున్నాడని చెప్పు.

అప్పలస్వామి