మంచు గుంటలో డెనీస్ పాదాలు

అమ్మా, నేను క్షేమం. ట్రైనింగ్‌లో ఫోన్లు తీసేసుకున్నారు, అందుకే విస్కాన్సిన్ నుంచి ఈ కార్డు.

నిన్న యుద్ధ అభ్యాసంలో అడవి అంచున మంచులో గుంట తవ్వి, తొక్కి గట్టిపరిచిన మంచుతో చుట్టూ గోడ కట్టి, పైన తెల్లగుడ్డ కప్పుకుని కాపలా కూర్చున్నాం. నాతో జతగా ఉన్న డెనీస్‌ది టెక్సస్, ఇంత మంచు చూడటం ఇదే మొదలు. తవ్వేటప్పుడు పైకోటు విప్పమంటే వినలేదు. చెమటకి బట్టలూ మేజోళ్లూ తడిసిపోయాయి. కాసేపటికి "ప్రణవీ, నా కాలివేళ్లు నాకు తెలియట్లేదు" అని ఏడ్చేసింది. మంట వేస్తే పొగ చూసి ఎదుటి జట్టు పట్టేస్తుంది. అందుకని తన బూట్లూ తడి మేజోళ్లూ విప్పించి, ఆ పాదాలు నా చొక్కా కింద పొట్టకి ఆనించుకున్నాను. అచ్చంగా ఐసుగడ్డలే! పళ్లు బిగపట్టి, తుపాకీ గురి మాత్రం వదల్లేదు. చాలాసేపటికి "అబ్బా, మండుతున్నాయి!" అంది. ప్రాణం లేచొచ్చింది. వేళ్లన్నీ దక్కాయని డాక్టర్ చెప్పాడు. రేపు మా జట్టుని నడిపించమని సార్జెంట్ నాకే అప్పజెప్పాడు.

ఉన్ని మేజోళ్లు పంపు, డెనీస్‌కి కూడా. అరోరాలో మన ఇంటి మెట్ల మీద మంచుకి జారకుండా ఉప్పు చల్లుతున్నారా? ఆ పని తమ్ముడు ఆరుష్‌కి చెప్పు, నువ్వు దిగకు.

నేను ఆర్మీలో చేరినప్పటి నుంచి నాన్న నాతో మాట్లాడటం లేదు కదా. ఆదివారం ఫోన్లు ఇస్తారు. నేను చేయగానే ఆయన చేతికివ్వు. ఏమీ అనకపోయినా పర్లేదు, పెట్టేయకుండా వింటే చాలు.

తమ్ముడికి ముద్దులు, మీ ఇద్దరికీ నమస్కారాలు.

నీ ప్రణవి