చేతికొచ్చిన ఏడాది

ఫిబ్రవరి 12, 2014

ప్రియమైన డెలిత్‌కి,

ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, చేస్తే అరుస్తాను. అందుకే కాగితం తీశాను.

డిసెంబర్లో కేసు గెలిచామని చెప్పానుగా. స్కూలు వంటశాలల్లో పనిచేసే ఇరవై ముగ్గురు ఆడవాళ్లం. చెత్తబండి మీద పనిచేసే మగవాళ్లదీ మాదీ ఒకటే గ్రేడు. అయినా వాళ్లకి బోనస్ ఇచ్చి మాకు ఎగ్గొట్టారని మాకు జీతాలిచ్చే ఊరి కౌన్సిల్ మీద ఏళ్ల తరబడి కొట్లాడితే, చివరికి నా వాటా పన్నెండు వేల పౌండ్లు అన్నారు. పన్నూ బీమా అని మూడు వేలు కోశారు. లాయరు పన్నెండు వందలు తీసుకున్నాడు. చేతికొచ్చింది ఏడు వేల ఎనిమిది వందలు. మా అమ్మాయి కారిస్‌ని కూర్చోబెట్టి, "ఇల్లు వెచ్చబెట్టే కొత్త బాయిలర్ పెట్టిద్దాం, ఇంక కోటు వేసుకుని చదువుకోనక్కర్లేదు" అని చెప్పాను.

నాకు వచ్చిన సొమ్ము సంగతి నేనే నిజాయితీగా పన్ను క్రెడిట్ వాళ్లకి చెప్పుకున్నాను. జీతం చాలనివాళ్లకి ప్రభుత్వం ఇచ్చే సాయం కదా, దాచకూడదనుకున్నాను. నిన్న మీ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది నా సంపాదన పెరిగిపోయిందట, నాకు ఎక్కువ ఇచ్చేశారట, రెండు వేల ఎనిమిది వందల డెబ్భై పౌండ్లు వెనక్కి తీసుకుంటారట.

పన్నెండు వేలనీ లెక్కేశారు డెలిత్. నేను కంటితో చూడని మూడు వేలూ నా సంపాదనే. లాయరు జేబులో పడిందీ నా సంపాదనే.

నువ్వు అక్కడే కూర్చుంటావు. ఇది తప్పని చెప్పి సరిచేయించు.

నీ అక్క,
గేనార్

ఫిబ్రవరి 20

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం రెండు సార్లు చదివాను. ఇది నీకు నచ్చదు, కానీ లెక్కలో తప్పు లేదు.

కోతలు పడకముందు ఎంతో అదే చూస్తారు. లాయరు ఫీజు తీసెయ్యరు. డబ్బు ఏ ఏళ్ల పనికి వచ్చిందని కాదు, ఏ ఏడాది చేతికొచ్చిందని చూస్తారు. పెరిగినదాంట్లో మొదటి ఐదు వేలు వదిలేస్తారు. మిగిలిన ఏడు వేల మీద పౌండుకి నలభై ఒక్క పెన్నీలు. అదే నీకు వచ్చిన అంకె.

నేను బంధువుల ఫైలు తెరిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తారు.

కారిస్ పుట్టినరోజుకి రాలేను. శనివారాలు కూడా పని పెట్టారు. దానికి నా ముద్దులు.

ప్రేమతో,
డెలిత్

ఫిబ్రవరి 26

డెలిత్‌కి,

మీ ఆఫీసు నంబరుకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు సంగీతం విన్నాక ఒక అబ్బాయి ఎత్తాడు.

"మేడమ్, ఆ డబ్బు మీకు ఈ ఏడాదే వచ్చింది కదా?"

"వచ్చింది బాబూ. సంపాదించినప్పుడు మా అమ్మాయికి ఐదేళ్లు. ఇప్పుడు పదహారు."

"మాకు వచ్చిన ఏడాదే ముఖ్యం మేడమ్."

"మరి రాకుండా పోయిన ఏళ్లలో మీరెవరూ ముఖ్యం అనలేదేం?"

"మీ బాధ అర్థమైంది మేడమ్. ఇంకేమైనా సాయం కావాలా?"

ఆ గొంతు వింటుంటే నువ్వే గుర్తొచ్చావు. అదే మర్యాద, అదే అప్పజెప్పిన పాఠం. నీ ఉత్తరంలో 'అయ్యో' అన్న మాట ఒక్కటి ఉందా? లేదు, వెతికాను. కౌన్సిల్ నా జీతం మింగితే ఎవరూ అడగలేదు. అది కక్కించుకుంటే మాత్రం మీరు గిన్నె పట్టుకుని వచ్చారు. ఇన్నాళ్లూ మీరు సాయం చేసింది నాకా, నాకు జీతం ఎగ్గొట్టిన కౌన్సిల్‌కా?

నీకేం, మొగుడున్నాడు, కుర్చీ ఉంది, చదవడానికి రూల్సున్నాయి. అమ్మ బతికుంటే నీతో మాట్లాడేది కాదు.

పుట్టినరోజుకి రాకపోవడమే మంచిదైంది.

గేనార్

మార్చి 21

అక్కా,

మూడు వారాలు దాటినా జవాబు రాయలేదు. ఇప్పుడు కోపం పక్కనపెట్టి ముందు ఇది చదువు, గడువు దగ్గరపడింది.

పింఛను ఖాతాలో వేసుకున్న డబ్బుని సంపాదన లెక్కలోంచి తీసేస్తారు. నువ్వు ఐదు వేల ఆరు వందలు వేస్తే, కోసిన పన్ను ప్రభుత్వం అందులో తిరిగి కలిపి ఏడు వేలు చేస్తుంది. ఆ ఏడు వేలూ లెక్కలోంచి పోతాయి. అప్పుడు నీ దగ్గర తీసుకోవడానికి ఏమీ ఉండదు. యాభై ఐదేళ్లు నిండేదాకా ముట్టుకోలేవు, అంటే ఇంకో రెండేళ్లు. పన్ను లెక్కల ఏడాది ముగిసేది ఏప్రిల్ ఐదున, ఆలోపే పడాలి. అది శనివారం, కాబట్టి శుక్రవారానికే పూర్తి చెయ్యి.

ఇది దొంగదారి కాదు, రూల్సులోనే ఉంది. సొంత దుకాణాలున్నవాళ్లు, అకౌంటెంటుని పెట్టుకున్నవాళ్లు ప్రతి మార్చిలోనూ దీని గురించే ఫోన్ చేస్తారు. వంటావిడ ఒక్కతీ అడగలేదు. అడగనిది చెప్పొద్దని మా సూపర్‌వైజర్ మాట. నేనూ చెప్పలేదు, నీక్కూడా.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, ఆస్పత్రిలో నేల తుడిచే ఒకావిడ ఫోన్ చేసింది. ఆవిడదీ నీలాంటి కేసే. చెప్పేశాను. ఆ వారంలో పద్నాలుగు మందికి చెప్పాను. కాల్స్ అన్నీ రికార్డవుతాయి కదా, పిలిచారు. ఫోన్ల దగ్గర్నుంచి తీసేసి వచ్చిన ఉత్తరాల కవర్లు చింపే పనిలో వేశారు. సలహా ఇవ్వడం నా తప్పేనని ఒక కాగితం రాసి ముందుపెట్టారు. ఏప్రిల్ పద్నాలుగు, సోమవారం లోపు సంతకం పెడితే ఉద్యోగం ఉంటుందట.

ఇంకొకటి. మా ఆయన గెథిన్ ఇంట్లో లేడు. పోయిన మే నెలలో వెళ్లిపోయాడు. సగం పూట ఉద్యోగాన్ని నేను పూర్తి పూట చేసుకున్నది, శనివారాలు వెళ్లేది అందుకే. పిల్లలిద్దరికీ నేనూ పన్ను క్రెడిట్ తీసుకుంటాను అక్కా. శనివారాల డబ్బు లెక్కలోకొచ్చి, నీకొచ్చిన ఉత్తరమే నాకూ జనవరిలో వచ్చింది. ఫోన్లో మర్యాదగా చదివి వినిపించే నేను, దాన్ని వంటింట్లో నిలబడి చదువుకున్నాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది.

సంతకం పెట్టేద్దామనే అనుకుంటున్నాను.

డెలిత్

ఏప్రిల్ 9

నా చెల్లికి,

గురువారం, మూడో తారీకున నా డబ్బు పింఛను ఖాతాలో పడింది. రసీదు ఉంది.

పది రోజులు మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయిపోగానే, బెరిల్ కారులో ఒక్కో స్కూలు వంటశాలకీ వెళ్లి చెప్పాం. బెరిల్ నీకు తెలుసుగా, మా అందరికంటే పెద్దది, అరవై ఒకటి. "మన జీతాన్ని మన దగ్గరే ఉంచుకోవాలంటే ముందు దాన్ని దాచెయ్యాలా?" అంది. కొందరు నమ్మలేదు. చివరికి ఇరవై ముగ్గురిలో తొమ్మిది మంది వేయగలిగారు. మిగతావాళ్ల దగ్గర డబ్బు లేదు. అద్దె బాకీలకి పోయింది, ఒకామె భర్త అంత్యక్రియలకి పోయింది. అంటే అవసరం ఎక్కువున్నవాళ్ల దగ్గరే వసూలు చేస్తారన్నమాట.

నీకు మొగుడున్నాడని దెప్పాను. అమ్మ పేరెత్తాను. అనకుండా ఉండాల్సింది. పది నెలలు ఒక్కదానివే ఎలా నెట్టుకొచ్చావో నేనొచ్చాక చెబుదువుగాని.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. ఇది ఎవరికీ చెప్పలేదు, బెరిల్‌కి కూడా. 2003లో కౌన్సిల్ ఆఫీసుకి పిలిచి నా ముందూ ఒక కాగితం పెట్టారు. మా పని చెత్తబండి పనికంటే తేలికైనదని నేను ఒప్పుకుంటున్నట్టు. చదవకుండా పెట్టలేదు డెలిత్, పూర్తిగా చదివే పెట్టాను. కారిస్ చిన్నది, ఉద్యోగం పోతుందని భయం. తర్వాత కేసులో వాళ్ల లాయరు మొట్టమొదట పైకెత్తి చూపించింది దాన్నే. "ఇది మీ సంతకమేనా?" అని మూడు సార్లు అడిగాడు. మూడు సార్లూ "నాదే" అన్నాను. నా వల్ల మిగతా ఇరవై రెండు మందికీ ఎన్నేళ్లు ఆలస్యమైందో నాకు తెలియదు. లెక్కెయ్యాలంటే భయం.

నువ్వు నిజం చెప్పావు. అది తప్పని నీ చేత్తో రాసివ్వకు.

శనివారం ఎనిమిదిన్నర బస్సుకి నేనూ కారిస్సూ బయల్దేరుతున్నాం. మీ యూనియన్ ఆయనతో మాట్లాడాను, సోమవారం నీతోపాటు ఆ గదిలోకి వస్తానన్నాడు. స్కూళ్లకి ఈస్టర్ సెలవులు కదా, పిల్లల్ని నేను చూసుకుంటాను.

నువ్వు పెన్ను ఇంట్లో పెట్టి వెళ్లు.

నీ అక్క,
గేనార్