ఎడమ పక్క నుంచి వచ్చే పిట్టలు

తెరుబలి,
ఆదివారం మధ్యాహ్నం.

పెద్దక్కకు చెల్లెలు కరుణమ్మ వందనములు.

ప్రభువు కాపుదల వల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాము. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? బావగారికి దగ్గు తగ్గిందా? కోడలికి ఎన్నో నెల? నీ ఉత్తరం అంది పదిహేను రోజులు దాటింది. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు. తీరిక లేక కాదు. మీ మరిదికి మొన్న గురువారం ఫ్యాక్టరీ డాక్టరు పరీక్ష ఉండింది. ఆయన మళ్ళీ క్రేను ఎక్కుతారో లేదో ఆ రోజు తేలాలి. అది తేలకుండా నీకు ఏమి రాసినా సగమే అవుతుందని ఆగాను.

ఇక్కడ పగలు ఎండలు మొదలయ్యాయి గాని, తెల్లవారుజామున ఇంకా దుప్పటి కావాలి. కొండల మీద ఇప్పపూలు రాలుతున్నాయి. సంత రోజున రోడ్డంతా ఆ వాసనే. ఉప్పుడు బియ్యం నాకు అలవాటైంది, ఆయనకు ఇంకా కాలేదు. చేపలు ఐసులో వచ్చినవే దొరుకుతాయి. మన వైపు నుంచి ఎవరైనా వస్తుంటే ఎండు మెత్తళ్ళు ఒక పొట్లం పంపించు. ఆరాధన ఒడియాలో జరుగుతుంది. ప్రసంగం సగం అర్థమవుతుంది. పాటల్లో మనకు తెలిసిన రాగం వస్తే నేను మెల్లగా తెలుగు మాటలే పాడుకుంటాను. పక్కవాళ్ళు ఏమీ అనరు. ఏడాదిన్నర అయినా తెలుగులో గట్టిగా ప్రార్థన చేసుకునేది ఇంట్లోనే. బాగానే ఉన్నాము, దిగులు పెట్టుకోకు.

ఈయన తమ్ముడు ఓడ దిగి మీ ఊరు వచ్చినప్పుడు మాకు ఏదో టీవీ ఆట ఇచ్చానని చెప్పాడట, అదేమిటని అడిగావు. వీడియో గేమ్ అంటారు. మన పెద్ద బైబిలు అంత నల్లటి పెట్టె. దానికి రెండు తీగలు, తీగల చివర గేరు కర్రల్లాంటి రెండు చిన్న కర్రలు. పెట్టె నెత్తిన ఒక బిళ్ళ గుచ్చితే ఒక ఆట, ఇంకో బిళ్ళ గుచ్చితే ఇంకో ఆట. క్రిస్మస్ తరువాత మీ మరిదికి మాట తడబడి, చేతిలోని గ్లాసు జారిపోయిన సంగతి అప్పుడే రాశాను కదా. ఆ కబురు విని, అన్నగారి చేతికి కసరత్తు అవుతుందని తెచ్చాడు. ఈస్టరు ముందరి శ్రమ దినాల్లో ఇంట్లో ఆటలేమిటని నాకు మనసులో ఉంది. పైకి అనలేదు.

మొదటి రెండు రోజులు తెర మీద చీమలు తప్ప ఏమీ రాలేదు. యాంటెన్నా తీగ ఊడదీసి, దాని బదులు ఈ పెట్టె తీగ బిగించి, టీవీ మీట సన్నగా తిప్పుతూ ఉండాలట. మూడో రోజు అప్పలనాయుడు వచ్చి తిప్పితే బొమ్మ నిలిచింది. ఈ నాయుడు పాలకొండ వైపు మనిషి. మీ మరిది పైన క్రేను నడిపితే, అతను కింద నిలబడి చేతులతో సైగ చేస్తాడు. క్రేనుకు వేలాడే లేడిల్ అనే పెద్ద బొక్కెన నిండా కరిగిన లోహం ఉంటుంది. ఎత్తమనేది, దించమనేది, ఆగమనేది అంతా కింది మనిషి చేతి సైగే. ఆ చప్పుడులో మాట వినబడదు. అందుకని వాళ్ళిద్దరూ అన్నదమ్ముల కంటే దగ్గర. ఆయనను బావ అంటాడు, నన్ను అక్క అంటాడు.

కాలనీలో ఈ పెట్టె మాకే మొదట వచ్చింది. సాయంత్రం అయిదయ్యేసరికి జనం వచ్చి కూర్చునేవారు. కరెంటు సన్నగిలితే బొమ్మ ముడుచుకుపోతుంది. పూర్తిగా పోతే అప్పటిదాకా వచ్చిన లెక్క పోతుంది, మళ్ళీ సున్న నుంచి మొదలు. పెట్టెకు జ్ఞాపకం లేదట. గోడ అవతలి ఆవిడ, తమ టీవీలో వార్తలు చదివే మనిషి ముఖం మీద పిట్టలు ఎగురుతున్నాయని చెప్పడానికి వచ్చి, అవి మా పిట్టలేనని తెలిసి తానూ కూర్చుంది. పెట్టె కరెంటు తీగ చివరి దిమ్మ వేడెక్కుతోందని దాని మీద తడిబట్ట వెయ్యమని సలహా కూడా ఇచ్చింది. నేను వెయ్యలేదు.

ఆయనకు నచ్చింది పిట్టల ఆట. తెర మధ్యలో, కింద ఒక తుపాకి. రెండు పక్కల నుంచి పిట్టలు వస్తాయి. దాటిపోకముందే కొట్టాలి. మూడు దాటితే ఆట ముగిసినట్టు. ముప్ఫై ఏళ్ళుగా కర్రల మీద చెయ్యి పెట్టి బతికిన మనిషి. కుడి పక్క నుంచి వచ్చినదాన్ని ఒక్కటి వదలరు. ఎడమ పక్కవి మాత్రం ఒక్కొక్కటీ దాటిపోయేవి.

"ఏటి బావా, ఎడం పక్కన నీకు సుట్టాలున్నారేటి? ఒక్కదాన్నీ కొట్టవు" అని నాయుడు నవ్వేవాడు.

"పెట్టెలోనే ఉందిరా తప్పు. ఆటిని ముందు సూపించదు. మజ్జిలోకొచ్చేక ఊడిపడతాయి" అనేవారు ఈయన.

"నాకు అగుపడతన్నాయి గదా."

"నీకు కర్ర పట్టుకోడం రాదు, అగుపడి ఏం లాభం?"

టీవీని ఇంకో మూలకు మార్చారు. కిటికీ వెలుతురు అడ్డమని దుప్పటి కట్టించారు. చివరకు పెట్టెను సంచిలో పెట్టుకుని ఇద్దరం బస్సులో రాయగడ వెళ్ళాము. రేడియోలు బాగుచేసే అతను మూత విప్పి, తుడిచి, తన టీవీకి తగిలించి మా ముందే ఆడాడు. ఎడమ పక్క పిట్టలన్నిటినీ వరసగా కొట్టాడు.

"పెట్టెకి ఏమీ కాలేదు బాబూ. బొమ్మ రెండు పక్కలా బాగుంది" అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన పెట్టె సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నేను ఇంట్లో చూస్తున్నవన్నీ ఒకటొకటి గుర్తు తెచ్చుకున్నాను. కొన్ని వారాలుగా ఆయన కంచంలో ఎడమ పక్క వడ్డించినది అలాగే మిగిలిపోతోంది. ఒకరోజు పచ్చడి కంచంలోనే ఉండగా, "ఈ ఏళ పచ్చడి లేదేటి?" అని అడిగారు. నేను కంచం కొంచెం తిప్పి పెట్టాను. తిన్నారు. అప్పటికి అది పరధ్యానం అనుకున్నాను.

మరునాడు నేను రెండో కర్ర పట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. నాకు ఆట రాదు. ఎడమ పక్కన పిట్ట వచ్చినప్పుడల్లా, "అటు తల తిప్పండి" అన్నాను. తిప్పినప్పుడల్లా కొట్టారు. తిప్పనప్పుడు దాటిపోయింది. పదిసార్లు అలా జరిగాక ఆయనే పెట్టె ఆపేశారు.

"డాక్టరుగారికి ఈ సంగతి చెబుదామండీ" అన్నాను.

డాక్టరుగారు అప్పటికి రెండుసార్లు చూశారు. చేతిపట్టు చూశారు, గీత మీద నడిపించారు, గోడ మీది అక్షరాలు చదివించారు. అన్నీ సరిగ్గా వచ్చాయి. ఇంకేమైనా ఇబ్బంది ఉందా అని డాక్టరు అడిగితే ఈయనే లేదన్నారు. ఇక గురువారం చూసి, తిరిగి క్రేను ఎక్కవచ్చని కాగితం ఇవ్వడమే మిగిలింది.

"సెప్పి ఏటి సేద్దామని?" అన్నారు. "మూడేళ్ళుంది సర్వీసు. పైన కూసున్నోణ్ణి, కిందకొచ్చి స్టోరులో సేతిజోళ్ళు పంచమంటావా? కర్ర మీద సెయ్యేస్తే ఆ లేడిల్ నా మాటింటాది. కళ్ళు మూసుకుని దింపుతాను నేను. నువ్వు నోరెత్తకు."

నేను నోరెత్తలేదు. ఆయన మాటకు నేను ఎదురు చెప్పి ఎరగనని నీకు తెలుసు. గురువారానికి మిగిలిన ఆ మూడు రోజులూ ప్రార్థనలో మోకాళ్ళ మీద ఉండి ఏమి అడగాలో కూడా నాకు తెలియలేదు. ఆయన పని నిలవాలని అడిగితే, కింద నిలబడే మనిషి కనబడేవాడు.

బుధవారం సాయంత్రం నాయుడు బెల్లం గవ్వలు తెచ్చాడు. భార్య చేసి పంపిందట.

"రేపటితో నా కట్టం తీరిపోద్దక్కా" అన్నాడు. "బావ బదులెక్కిన ఈ కొత్తోడి కింద నిలబడి నా పేణం పోతంది. సెయ్యెత్తితే సూడడు, ఈలెయ్యాల. బావైతే నా ఏలు కదిలితే సాలు."

మీ మరిది అప్పటికే ఆట పెట్టుకుని కూర్చున్నారు. నేను గవ్వలు పళ్ళెంలో పోసి ఇస్తూ అడిగాను.

"తమ్ముడూ, ఆయన పైన ఉన్నప్పుడు నువ్వు ఏ పక్క నిలబడతావు?"

"ఎడం పక్కే అక్కా. కుడి పక్క ఫర్నేసు గదా. అటు నిలబడితే ఏగిపోనూ?"

తెలియక అడిగిన ప్రశ్న కాదు అక్కా. నిరుడు ఇంటివాళ్ళకు ఫ్యాక్టరీ చూపించిన రోజున అతను ఎక్కడ నిలబడతాడో నేను చూశాను. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

ఆయన చేతిలో కర్ర అలాగే ఉంది. తెర మీద మూడు పిట్టలు దాటిపోయి ఆట అయిపోయింది. నాయుడు గవ్వ నములుతూ, "ఏటి బావా, ఆడవేటి?" అన్నాడు. ఆయన కర్ర కింద పెట్టారు.

"ఇలా రా నాయుడూ. నా ఎడం పక్కకెళ్ళి, గోడ కాడ నిలబడు. నేను ఎదరకే సూస్తుంటాను. నువ్వు సెయ్యెత్తు."

నాయుడు నవ్వుతూనే వెళ్ళి నిలబడ్డాడు. చెయ్యి ఎత్తాడు. ఆయన ఎదురుగా చూస్తూ కూర్చున్నారు. కొంతసేపటికి, "ఎత్తేవా?" అని అడిగారు.

నాయుడి నవ్వు ఆగిపోయింది.

"ఎత్తి సేనాసేపైంది బావా" అన్నాడు.

నాయుడు చెయ్యి దించి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పళ్ళెం నేనే లోపల పెట్టాను.

గురువారం నేను వెంట వస్తానంటే వద్దన్నారు. ఒక్కరే వెళ్ళారు. డాక్టరుగారు ఏమీ అడగకముందే, "నా ఎడం పక్క సూడండి బాబూ" అన్నారట. డాక్టరు ఎదురుగా కూర్చుని వేలు ఒక పక్క నుంచి మెల్లగా జరుపుతూ చూశారట. కన్ను చెడలేదు, క్రిస్మస్ తరువాత వచ్చిన జబ్బు తలలో మిగిల్చిపోయిన లోటు అన్నారట. కొంత తగ్గవచ్చు, తగ్గకపోవచ్చు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి ఉత్తరం ఇచ్చారు. క్రేను మాత్రం కుదరదు. సోమవారం నుంచి స్టోరులో పని.

గురువారం, శుక్రవారం నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నారు. శనివారం నాయుడు వచ్చి గుమ్మంలో నిలబడి, లోపలికి రానా వద్దా అన్నట్టు చూస్తుంటే, "రారా, నిన్నెవడు ఆపేడు?" అన్నారు. ఇద్దరూ అరుగు మీద చాలాసేపు కూర్చున్నారు. ఏమి మాట్లాడుకున్నారో నేను వినలేదు.

ఇందాక నేను ఈ ఉత్తరం రాస్తుంటే ఆయన నీళ్ళకు వచ్చి ఆగారు.

"ఎవలికి?"

"అక్కకి."

"నా సంగతి రాసేవా?"

"రాస్తున్నాను."

చెంబుతో నీళ్ళు ముంచుకున్నారు. "క్రేను మీంచి దింపేసేరని రాయకు. దిగిపోయేడని రాయి" అన్నారు.

దిగిపోయారు అక్కా.

విశాఖపట్నం వెళ్ళే రోజు తెలిస్తే కార్డు ముక్క రాస్తాను. బావగారికి మా ఇద్దరి వందనములు చెప్పు. కోడలిని మెట్లు జాగ్రత్తగా దిగమను. మీ ఇంటి కూడికలో ఆయన పేరు ఒకసారి పైకి పలికి ప్రార్థించండి. మమ్మల్ని గురించి కంగారు వద్దు. బాగానే ఉన్నాము.

నీ దీవెనలు కోరే చెల్లెలు,
కరుణమ్మ