లొల్లి గల్లీ బోర్డు

గోదావరిఖని,
24-5-2009.

సౌభాగ్యవతి సంధ్యారాణికి,

నీ పెనిమిటి కొమురెల్లి దీవించి రాయునది. నేను ఇక్కడ క్షేమం. అక్కడ నువ్వూ, అత్తమ్మా, మామయ్యా క్షేమమని తలుస్తాను. ఫోను చేస్తే మీ తమ్ముడు ఎత్తి, "అక్క మాట్లాడదట బావా" అని పెట్టేస్తున్నాడు. అందుకే ఈ ఉత్తరం.

నువ్వు వాడితో మూడు సంగతులు అడిగించావు. మామిడికాయ తొక్కు జాడీలో తడి చెంచా పెట్టలేదు. బోర్డు ఇంకా తీయలేదు. పక్కింటి అమీరున్నీసక్క తప్పయిందని ఒప్పుకోలేదు.

ఆ బోర్డుతో నా ప్రాణం విసిగిపోయింది. నీలం రేకు మీద తెల్లగా 'లొల్లి గల్లీ' అని, మూల మీదికి రాగానే కనబడుతుంది. మొన్న గ్యాస్ బండ తెచ్చినవాడు, "దిగొచ్చునా అన్నా, తన్నులేం పడవు గద?" అని అడిగాడు. పక్కది తోకలేని కుక్క సందు. ఆ కుక్క చచ్చి ఎనిమిదేళ్లయింది. అక్కడివాళ్లు పెళ్లిపత్రికల మీద కూడా ఆ పేరే అచ్చేసుకుంటున్నారు. వెనకది ఉల్టా లైను. ఎవడో మేస్త్రీ తలుపులన్నీ అవతలి వైపుకు పెట్టాడు, అంతే. వాళ్లెవరికీ రాని పౌరుషం మనకే వచ్చింది.

పేరు మార్పించడానికి మూడుసార్లు మున్సిపల్ ఆఫీసుకు తిరిగాను. "పన్నెండిండ్లోళ్లు ఒక్క పేరు మీద సంతకాలు పెట్టి తేండ్రి, మారుస్తం" అన్నాడు గుమాస్తా. ఒక్క పేరట! పోయిన ఆదివారం అందరినీ కూర్చోబెట్టాను. సదయ్య కాక దేవుడి పేరు పెడదామన్నాడు. ఏ దేవుడిదన్న దాని మీద గంట గడిచింది. ముత్యం వాళ్ల నాయిన పేరు పెట్టాలన్నాడు.

"మీ నాయిన ఏం జేసిండ్రా? నల్లా పైపు కోస్కపోయిండు" అని కనకవ్వ లేచింది.

ముత్యం అంగీ చినిగింది. అటుగా పోతున్న ఎవరో సైకిలు ఆపి, బోర్డు చదివి, మా వంక చూసి, "కరెక్టే రాసిండ్రు" అని పోయాడు. సిగ్గుతో చచ్చాను.

కడకు 'వేపచెట్టు గల్లీ' అని తేలింది. మన గల్లీలో వేపచెట్టు లేదు. అందుకే ఎవరికీ పేచీ లేకపోయింది. పదకొండు సంతకాలు పడ్డాయి. పన్నెండోది అమీరున్నీసక్కది.

"నేను పెట్ట భయ్యా" అంది. "గా పేరు నేనే చెప్పిన్నని రాణి అందరి ముంగట అన్నది. గిప్పుడు సంతకం పెడితే తప్పు జేసి దిద్దుకున్నట్టు గాదా? అన్నోడెవడో వచ్చి ఒప్పుకుంటే పెడత."

అంటూనే కళ్లు తుడుచుకుంది. "పదేండ్లు ఒక్క నల్లా కాడ నీళ్లు పట్టుకున్నం. కొట్లాడుకున్నం, లేదనను. కని నన్ను గట్ల అనుకుంటదా?"

రాణీ, ఇక దాచలేను. ఆ మాట ఆమె అనలేదు. నేనన్నాను.

మార్చిలో బోర్డుల కోసం ఇళ్లు, గల్లీల పేర్లు రాసుకునేవాడు వచ్చాడే, ఆ రోజు నేను మొదటి షిఫ్టు దిగి వచ్చి అప్పుడే కునుకు తీస్తున్నాను. బయట బిందెల వరుస మీద మీరిద్దరూ అరుచుకుంటున్నారు. వాడు కిటికీలోంచి, "అన్నా, గీ గల్లీ పేరేంది?" అన్నాడు. "లొల్లి గల్లీ! రాస్కపో!" అని అటు తిరిగి పడుకున్నాను. వాడు నిజంగానే రాసుకుపోతాడని నాకేం తెలుసు! వాకిట్లో వాడితో మాట్లాడింది ఆమే కదా అని నువ్వనుకున్నావు. ఆమె చెప్పింది ఇంటి నంబరు ఒక్కటే. బోర్డు పెట్టిన రోజు నువ్వు ఆమె మీదికి పోతుంటే నేను నోరు విప్పాల్సింది. నీ కోపం చూసి జంకాను. మర్నాటికి చెప్పడం మరీ కష్టమైంది. బోర్డు తీసేదాకా రానని మూడో రోజు నువ్వు బస్సెక్కావు.

నిన్న పొద్దున నల్లా దగ్గర అందరి ముందూ ఆమెకు చెప్పేశాను. తెలుగులో మొదలుపెట్టి, అది చాలక వాళ్ల ఇంటి భాషలోకి దిగి తిట్టింది. ఆమె భర్త మన్సూర్ భాయి ఆపబోతే ఆయనకూ పడ్డాయి. తర్వాత నా చేతిలో కాగితం లాక్కుంది. సంతకం పెడుతుందనుకుంటే, మడిచి కొంగున ముడేసుకుంది.

"రాణి రానియ్యి. ఆమె ముంగటనే పెడత."

"నేను పోయి తోలుకొస్త అక్కా."

"నువ్వు పోతే మళ్ల ఏదో ఒక అబద్ధం జెప్తవ్. నేనే పోత."

శనివారం పొద్దుటి బస్సుకు వస్తోంది. ఇల్లు వెతుక్కోవడానికి మీ వాడ పేరు అడిగింది. గాడిదల గడ్డ అని చెప్పక తప్పలేదు. ఇన్నాళ్లకు నవ్వింది.

నువ్వు బస్టాండుకు ఎదురు పో. ముందు నువ్వే పలకరించు. నా మీద కోపం నా మీదే పెట్టుకో, ఆమెకు పంచకు.

ఇట్లు,
మీ ఇద్దరి పట్లా తప్పు చేసిన
నీ పెనిమిటి,
కొమురెల్లి