మంచు కరిగేదాకా

లోర్నా అత్తకు,

మార్చి పన్నెండున శాసనసభ కమిటీ ముందు నేను మాట్లాడాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

ఆత్మహత్యల మీద దేశమంతటి లెక్కలు చూస్తున్నాను. ప్రమాదం ఎక్కువున్నవాళ్లలో నాన్న ఈడు పశువుల రైతులున్నారు. నాన్న మంద అమ్మేసిన చలికాలం గుర్తొచ్చింది. నువ్వు దాణా కొట్టు మూసి మంచులో మా ఇంటికొచ్చి నాన్నతో అన్నావు:

"ఒరేయ్ క్లేటన్, కొట్టు వెనక గుంటనక్కలు తిరుగుతున్నాయి. మంచు కరిగేదాకా నీ తుపాకులు నాకివ్వు."

"నీకు గురే లేదు కదక్కా!"

"ఆ సంగతి నక్కలకు తెలీదులే."

నాన్న నవ్వాడు, అన్నీ తెచ్చిచ్చాడు. ఆ నవ్వు విని అమ్మ వంటింట్లో ఏడ్చింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. మన ఇంట్లో కాలేజీకి వెళ్లింది నేనొక్కదాన్నే. నేను ఇన్నేళ్లు చదివి పట్టికల్లో చూసినదాన్ని నువ్వు తమ్ముడి మొహంలో చూశావు.

కష్టకాలంలో రైతుల తుపాకులు నీ కొట్టులాంటి చోట్ల భద్రంగా దాచే ఏర్పాటు కావాలని అడుగుతున్నాం. "ఏ రైతు ఇస్తాడమ్మా?" అంటున్నారు కమిటీవాళ్లు. నాన్న ఇచ్చాడని చెప్పాలనుంది. నాన్ననడిగితే, "నా పేరుతోనే చెప్పు. కానీ ముందు అక్కనడుగు" అన్నాడు.

నువ్వు వద్దంటే చెప్పను. మార్చి ఎనిమిదిలోగా జవాబు రాయి.

నీ మేనకోడలు