మీటరులో తగ్గిన తొమ్మిది కిలోమీటర్లు

మూలకుళం, పుదుచ్చేరి
14 జూన్ 2025, శనివారం మధ్యాహ్నం

గూడూరులో ఉన్న మా మురళీధరన్నకు, చెల్లెలు మంగళ నమస్కరించి రాసేది. వదినకు నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయబోయి ఆగాను. క్షేమమో కాదో ఇది చదివి నువ్వే చెప్పాలి.

ఫోన్లో ఎందుకు చెప్పలేదని కోప్పడకు. నేను ఫోన్ పట్టుకుంటే చాలు, అత్తయ్య పక్కనొచ్చి కూర్చుంటుంది. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గానీ చదివేది మాత్రం తమిళం. తెలుగు అక్షరం తెలిసింది నాకొక్కదానికే. అందుకే ఈ కాగితం బల్ల మీద పడి ఉన్నా నాకు భయం లేదు. మిగతా అన్నిటికీ భయంగానే ఉంది.

సంగతి మీ బావదే. పక్కనే సారం పేటలో పంపుసెట్ల అంగడి బాగానే నడుస్తోంది. ఎప్పటిలాగే ప్రతి శనివారం సరిహద్దు దాటి తమిళనాడులోని తిండివనం పోయి రైతులకు మోటార్లు దింపి వస్తున్నారు. మార్చిలో స్నేహితుడు ఎళిలరసన్ బండి చూసి మనసు పారేసుకుని, ఈయన కూడా తన పికప్ ట్రక్కుకు లిఫ్ట్ కిట్ వేయించారు. బండిని నాలుగు అంగుళాలు పైకి లేపి, కింద ట్రాక్టర్ టైర్లకు తమ్ముళ్లలాంటివి బిగించారు. బురద చేలల్లోకి దిగాలి గదా అన్నారు. బురద మాటేమో గానీ, చీర కట్టుకుని నేనెక్కాలంటే ఇంట్లోంచి స్టూలు తేవాల్సి వస్తోంది.

అంతవరకూ నవ్వుకున్నాను. సర్వీసు మరిచిపోకుండా ప్రతి శనివారం బండి పోయే ముందూ, వచ్చాకా మీటరు నంబరు క్యాలెండర్ మీద రాసిపెట్టే అలవాటు నాది. తిండివనం పోయి వస్తే ఎప్పుడూ ఎనభై కిలోమీటర్లు తిరిగేది. ఏప్రిల్ నుంచి డెబ్బై ఒకటే తిరుగుతోంది. ఒక వారం కాదన్నా, పది వారాలు. దారి కురచ కాలేదు, ఊరేమీ మన దగ్గరికి జరగలేదు. అంటే ఈయన తిండివనం దాకా పోవడం లేదు, ముందే ఎక్కడో ఆగి తిరిగొస్తున్నారు.

డీజిల్ చూస్తే దానికి పూర్తిగా ఎదురు. లీటరుకు పన్నెండు ఇచ్చే బండి ఇప్పుడు ఎనిమిదిన్నర ఇస్తోంది. మోటార్లు కాక ఇంకేదో బరువు మోస్తేనే కదా అట్లా తాగేది? మా ఊళ్లో మందు చవక. పెట్టెలకు పెట్టెలు సరిహద్దు దాటించి తమిళనాడులో అమ్మేవాళ్ల గురించి పేపర్లో చూస్తూనే ఉంటాం. దొరికితే బండి పోతుంది, మనిషి జైలుకు పోతాడు.

యాడిదాకా పోయొస్తున్నారని పోయిన వారం అడిగితే, తిండివనానికే, ఇంక యాడికి పోతా, ఏంది నీ పరీక్ష అని కసిరారు. బండి ఎంత ఇస్తోందంటే, ముందు మాదిరే పన్నెండు అన్నారు, నా మొహం చూడకుండా. పదహారేళ్ల కాపురంలో నాకు తెలిసి ఆయన అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. ఆ పూట నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఈ పొద్దు పదింటికి బయలుదేరారు. చివరి నిమిషంలో మన అనూహ్య, స్కూలు సెలవే కదా నేనూ వస్తానని ఎక్కి కూర్చుంది. వద్దని అరిచాను. ఎందుకొద్దో మాత్రం చెప్పలేకపోయాను. తొమ్మిదో తరగతి పిల్లకు నాన్న గురించి ఏమని చెప్పేది? బండి మలుపు తిరిగినప్పటి నుంచి వీధిలో ఏ చప్పుడైనా గేటు దగ్గరికి పోయి చూస్తున్నాను. రెండుసార్లు ఫోన్ చేస్తే ఆయన తీయలేదు. నువ్వొకసారి రా అన్నా. పెద్దవాడిగా ఆయన్ను కూర్చోబెట్టి మాట్లాడు. నాకు ధైర్యం చాలడం లేదు.

నీ రాక కోసం చూస్తూ,
నీ చెల్లెలు
మంగళ

తా.క.: స్టాంపు కోసం వీధి చివరికి పోయాను. పక్కనే, మన బండికి ఆ టైర్లు బిగించిన అంగడి దేవరాజన్ ఉంటే, ఎవరి బండి గురించో అన్నట్టు అడిగాను. ఆయనకు తెలిసిపోయి నవ్వాడు. పెద్ద టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుందట. మీటరు మాత్రం పాత టైరే అనుకుని చుట్లు లెక్కపెడుతుందట. ఎనభై నడిచినా డెబ్బై ఒకటే చూపుతుందట. నేను లెక్కేసిన ఎనిమిదిన్నర కూడా తప్పే, నిజానికి తొమ్మిదిన్నర ఇస్తోంది. ఆ తగ్గింది కూడా టైర్ల బరువుకూ, ఎత్తు లేచిన బండికి తగిలే గాలికీ. డీజిల్ తాగుతుందని బిగించేటప్పుడే దేవరాజన్ హెచ్చరించాడట. ఇంట్లో చెప్పొద్దు, నవ్వుతారని మీ బావ బతిమాలుకున్నారట. అబద్ధం ఆడింది అందుకు.

అన్నా, పైన నేను రాయని సంగతొకటుంది. పొద్దున తొమ్మిదింటికి, అనూహ్య పోతుందని తెలియకముందు, జెరాక్స్ అంగడి ఫోన్ నుంచి సరిహద్దు చెక్‌పోస్టుకు నేనే ఫోన్ చేశాను. పేరు చెప్పకుండా, బండి నంబరు చెప్పి, మందు పెట్టెలున్నాయేమో చూడమన్నాను. ఒకసారి ఆపి అడిగితే భయపడి మానుకుంటారనుకున్నాను.

ఇప్పుడే ఆయన ఫోన్ వచ్చింది. మోటార్లన్నీ రోడ్డు మీదికి దింపించి వెతికారట. ఏమీ దొరకలేదు. కానీ పెంచిన ఎత్తూ, ఈ టైర్లూ ఆర్‌సీలో లేవని బండి ఆపేసుకున్నారట. పోలీసులు నాన్నను గద్దిస్తుంటే అనూహ్య ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుందట. ఇద్దరూ బస్సులో వస్తున్నారు. నన్ను భయపడొద్దన్నారు. చెక్‌పోస్టుకు ఫోన్ చేసింది ఒక ఆడమనిషి అనీ, తమిళంలో తెలుగు యాస బాగా తెలిసిందనీ పోలీసాయన చెప్పాడట. మన వీధిలో అట్లా మాట్లాడేది ఎవరో ఆలోచించి పెట్టమన్నారు మీ బావ, ఇంటికి రాగానే పోయి అడుగుతారట. నేను సరేనన్నాను.