జారే కారు బొమ్మ ఉన్న స్విచ్చు

చోడవరం, ఆగస్టు 1997, మంగళవారం

మద్రాసు నుంచి పొద్దున్న ఇంటికి వచ్చాను. అన్నం తిన్నానో లేదో గుర్తు లేదు. చేతులకు గ్రీజు వాసన పోలేదు, కడుక్కోబుద్ధీ కావడం లేదు.

ఆదివారం కార్ల రేసు ట్రాక్ మీద వాన పడింది. నేను పనిచేసే బాబుగారు తన స్పోర్ట్స్ కారును రెండు రౌండ్లు తిప్పుకొచ్చి, "మలుపుల్లో తొక్కితే ఇంజను ఆగాగి కొడతంది, మిస్సింగ్ వస్తంది, సూడరా" అన్నారు. మెకానిక్కును కదా, ప్లగ్గులు మార్చాను. తగ్గలేదు. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మతో ఒక స్విచ్చు కనిపిస్తే నొక్కాను. మిస్సింగ్ పోయింది. ఆయన నా వీపు తట్టి మళ్లీ వెళ్లారు. మూడో మలుపులో కారు గింగిరాలు తిరిగి గోడను కొట్టింది.

ఆయనకు తెలివి తప్పింది. ఆసుపత్రికి ఆయన భార్య, అమ్మగారు, వచ్చాక నన్ను ఇంటికి పంపేశారు. కారుతో ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం నా సంచిలో ఉండిపోతే, రైల్లో కూడబలుక్కుని చదివాను. చక్రం జారితే ఇంజను జోరును కారే తగ్గిస్తుందట. అది మిస్సింగే కాదు. ఆ స్విచ్చు నొక్కి నేను ఆపేసింది దాన్ని.

అన్నయ్యకు చెప్పాను. చెరకు ట్రాక్టరు కడుగుతూ, "బురదలో సక్రం జారితే యాక్సిలేటరు మీంచి కాలు తియ్యమని నీకు నేనే కదరా నేర్పేను" అన్నాడు.

ఇందాక అమ్మగారు పక్కింటికి ఫోను చేశారు. "ఆయనకి తెలివొచ్చింది. ముందు నిన్నే అడిగేరు. ఇంజను బాగా లాగిందని సెప్పమన్నారు."

సరేనమ్మగారూ అన్నాను. స్విచ్చు మాట చెప్పలేదు. కారు పుస్తకం నా సంచిలోనే ఉంది.